ఆంబ్రోజ్ తాత చేపల చోటు

విన్నిపెగ్,
మార్చి 3, 1958

తాతయ్యకి,

సెలవులకి వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. మా చేపల ఆఫీసులో నాకో పటం గీసే పని ఇచ్చారు. మన సరస్సులో వాలై చేపలు ఏ కాలంలో ఎక్కడుంటాయో అందులో చూపించాలి. ఏప్రిల్ ఇరవైలోగా దాన్ని ఒప్పుకుంటే నా ఉద్యోగం ఖాయం. లేదంటే ఇంటికొచ్చి మళ్ళీ చేపలు కోయడమే.

మా ఆఫీసు వాళ్ళు వీపున నంబరు రేకు గుచ్చి వదిలిన చేప దొరికినప్పుడల్లా నువ్వు ఇసిదోర్ తాత చేత చీటీ రాయించి పంపేవాడివి కదా, అవి ముప్పై ఒకటి ఉన్నాయి. వాటి ప్రకారం మంచు కరిగే రోజుల్లో విల్లో వాగు సరస్సులో కలిసే చోట, మోకాలి లోతు నీళ్ళలో. ఎండాకాలం పెలికన్ బండల పక్కన, లోతున. ఆకులు రాలేటప్పుడు ఇసుకమొన. చలికాలం మొనకి అవతల, మంచు కింద, పొద్దువాలే వేళ.

"ఒక్కడి చీటీల మీద పటమా?" అంటున్నారు మా ఆఫీసరు. ఇదంతా నిజమేనని నీ మాటగా ఒక ఉత్తరం రాయించు.

నీ
ఒదీల్

తా.క. ఊళ్ళో చదువొచ్చింది ఇసిదోర్ తాత ఒక్కరికే కాబట్టి ఇది చదివేదీ ఆయనే. ఇసిదోర్ తాతా, నాకు అక్షరాలు నేర్పింది మీరే. తప్పులుంటే మీవే.

*

మార్చి 10

చిరంజీవి ఒదీల్‌కి, ఆంబ్రోజ్ తాత చెబుతుండగా ఇసిదోర్ రాస్తున్నది.

నేను చేపలు పట్టే చోట్లు అడిగావట. వసంతంలో పెలికన్ బండల దగ్గర. ఎండాకాలం విల్లో వాగులో. ఆకులు రాలేటప్పుడు ఎక్కడా పట్టను, మోకాళ్ళ నొప్పులు. చలికాలం చర్చికి ఎదురుగా, అందరూ చూస్తుండగా మంచుకి కన్నం వేస్తాను. ఇంతకన్నా నిజం లేదు. మేజోళ్ళు రెండు జతలు వేసుకో.

నీ తాత

తా.క. చెప్పింది చెప్పినట్టు రాశాను. పైన మరక టీది. తాగుతుండగా నవ్వొచ్చింది.
- ఇసిదోర్

*

మార్చి 17

తాతయ్యకి,

నీ ఉత్తరం ఆఫీసరు చూశారు. "ఎండాకాలం ఆ వాగులో కప్పలకే నీళ్ళు చాలవు, మీ తాతకి చేపలెలా దొరికాయి?" అన్నారు. చీటీల్లో ఒకటి, ఉత్తరంలో ఇంకొకటి. ఏది అబద్ధం తాతయ్యా? మన ఇంట్లో బడి గడప తొక్కింది నేనొక్కదాన్నే. ఈ కుర్చీ దాకా రావడానికి ఎంత కష్టపడ్డానో నీకు తెలుసు. నిజం చెప్పు.

ఒదీల్

*

మార్చి 24

చిరంజీవి ఒదీల్‌కి,

మీ ఆఫీసరు నన్ను నమ్మలేదని ఇసిదోర్ చదివాడు. ఉత్తరంలో ఇంకా చాలా ఉన్నట్టుంది, అదంతా అక్కడి వాతావరణమేనట. ఎండాకాలం వాగే! కప్పలు లేకపోతే చేపలకి చోటెక్కువ.

పిల్లా, కొన్ని సంగతులు ఉత్తరంలో చెప్పలేను. ఈ గదిలో నాతో పాటు ఒక దొంగ కూర్చున్నాడు. చేతిలో పెన్ను కూడా ఉంది. ఒరే, అది రాయకు. రాశావా? కొట్టెయ్. "కొట్టెయ్" అని కూడా రాస్తున్నావేమిట్రా? ఒదీలూ, వీడు అన్నీ రాస్తున్నాడు!

నీ తాత

తా.క. అన్నీ రాయమన్నది తనే.
- ఇసిదోర్

*

ఏప్రిల్ 1

తాతయ్యకి,

అర్థమైంది. ఇసిదోర్ తాత ముందు నువ్వు నీ చోటు చెప్పవు, చీటీలప్పుడూ చెప్పి ఉండవు. చీటీలన్నీ తప్పని ఆఫీసరుకి నేనే చెప్పి పటం వెనక్కి తీసుకుంటాను. ఇరవై ఒకటిన బయలుదేరి ఇంటికొస్తాను. నా చేపల కత్తి సానపట్టించు.

ఒదీల్

*

ఏప్రిల్ 8

అమ్మా ఒదీల్,

ఇది ఇసిదోర్ సొంత ఉత్తరం. పటం ముట్టుకోకు. కత్తి సంగతి మీ తాతకి చదవలేదు, తట్టుకోలేడు.

చీటీలప్పుడు కూడా వాడు ఈ అబద్ధాలే చెప్పాడు. తన చోటు తెలిస్తే నేను వెళ్ళి వల వేస్తానని భయం. నేను మాత్రం కళ్ళారా చూసిందే చీటీల్లో రాశాను. ముప్పై ఏళ్ళ కిందట మంచు పగిలి వాడు సరస్సులో పడ్డాడు. బయటికి లాగింది నేనే. ఆ మర్నాటి నుంచి వాడు ఎటు వెళ్తే అటు వెనకాలే వెళ్ళి, ఒడ్డున పొదల చాటున కూర్చుంటున్నాను. తెలిస్తే సిగ్గుపడతాడు, చెప్పకు.

ఊరికే కూర్చోలేక తేదీ, చోటు, ఎన్ని పడ్డాయో నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ముప్పై ఏళ్ళది. ఇందులోనే పెట్టాను. మీ ఆఫీసరుకి చూపించు.

ఇసిదోర్

తా.క. మీ తాతకి మతిమరుపు ఎక్కువైంది. ఇంటికెళ్ళేటప్పుడు రోజూ నా పొద దగ్గరే ఒక చేప మర్చిపోతాడు. అదీ పెద్దది. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస.

*

ఏప్రిల్ 21

తాతయ్యకి,

నిన్న పటం ఒప్పుకున్నారు. నోటుబుక్కు తిరగేసి, తిరగేసి, "ఈ పెద్దమనిషి మన ఆఫీసులో ఉండాల్సినవాడు" అన్నారు ఆఫీసరు. చాన్నాళ్ళకి రాత్రి కడుపునిండా తిన్నాను. నా ఉద్యోగం ఖాయం. కత్తి అక్కడే ఉండనీ.

ఒక్క సంగతి మాత్రం తేలలేదు. రోజూ పొద దగ్గర ఆ పెద్ద చేపని ఎవరి కోసం మర్చిపోతున్నావు తాతయ్యా? ఇసిదోర్ తాతా, ఈ వాక్యం వాతావరణం కాదు, ఉన్నదున్నట్టు చదివి వినిపించండి. ఆయన ఏం చెబితే అది రాసి, మే పదిలోగా జవాబు పంపండి.

మీ ఇద్దరి
ఒదీల్