నిమ్మగడ్డి నూనె, నా కాలు

కమలాపురం,
ఆగస్టు 2007

చిరంజీవి తనూజకు మామ ఆశీస్సులు.

నిమ్మగడ్డి నూనెలోని సారం చర్మపు క్యాన్సర్‌కు పనికొస్తుందేమోనని మీ ల్యాబులో పరీక్షిస్తున్నారని విన్నప్పటి నుంచి ఊళ్లో గర్వంగా నడుస్తున్నాను. మన చేలో పండే గడ్డి కదా. కుంటుతూ గర్వంగా నడవడం కష్టమే అనుకో.

నూనె తీసే బట్టీ దగ్గర, ఆవిరి గొట్టం తగిలి నా కాలి మీద ఎన్నడో కాలిన మచ్చ ఇప్పుడు పుండైంది. అది క్యాన్సరేనని, కోసి తీసేయాలని కర్నూలు డాక్టరు చెప్పాడు. కాల్చిన బట్టీయే మందూ ఇస్తుందిలెమ్మని నేను నూనె పూశాను. మండింది. మందు పట్టిందని సంబరపడ్డాను. మా నాయన కూడా అంతే, మండని మందు ఇస్తే వైద్యుణ్ణే మార్చేవాడు.

మీ అత్త మాత్రం, "నూనెను నమ్ముకోని కాలు పోగొట్టుకుంటాండావు" అంటోంది.

మొన్న ఫోనులో నువ్వూ అదే అన్నావు. "మామా, క్యాన్సర్ కణాలు చచ్చింది ల్యాబులో గాజు పళ్లెంలో. నీ కాలు పళ్లెం కాదు గదా. ముందు కోయించుకో."

కోపమొచ్చింది. తర్వాత బట్టీ గుర్తొచ్చింది. నూనె నీళ్ల పైకి తేలకముందే తొందరపడి తోడబోయే కూలీలను తిట్టేది నేనే. మీ పనికీ అంత ఓపిక కావాలి కాబోలు. పుండుకు ఆ ఓపిక లేదు.

సోమవారం కోయించుకుంటున్నాను. ఒకటే కోరిక. కోసిన తునకను పారేయకుండా మీ ల్యాబుకు ఇస్తారేమో డాక్టరును అడుగు. దాని మీద మన చేని నూనెనే పోయించు. ఎవరు గెలిచారో నాకు రాయి.

నూనె ఓడిపోతే మాత్రం మీ అత్తకు చెప్పొద్దు.

మీ మామ