సద్దులేని గది

మార్చి 14, గురువారం మధ్యాహ్నం

నా చిన్నారి చెల్లికి,

పెద్దక్క దీవెనలు. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ మరిదీ చల్లగా ఉండాలని పొద్దుటి ప్రార్థనలో తలుచుకున్నాను.

మీ క్రెష్ ఆఫీసుకి ఫోన్ చేశాను. డ్యూటీలో ఆయాల ఫోన్లు పెట్టెలో ఉంటాయట, సాయంత్రం దాకా పిలవరట. ఈ సంగతి ఇంకొకరి నోట నీకు చేరడం నాకిష్టం లేదు. అందుకే మధ్యాహ్నం బస్సు కండక్టరుతో ఈ కాగితం పంపుతున్నాను. కూర్చుని చదువు. బుడ్డి నా పక్కనే ఉంది.

బస్టాండులో దాన్ని నా చేతికిచ్చిన రోజు నువ్వన్న మాట మరిచిపోలేదు. మీ దగ్గర ఏడాది లోపు పిల్లలకి ముగ్గురికొక ఆయా ఉండి తీరాలి, అందుకే అంత ఫీజు, నీ జీతమంతా పోసినా బుడ్డి ఒక్కదానికే సరి అన్నావు. నా బిడ్డని నేనే చూసుకుంటూ నా జీతం నేనే కట్టుకోవాలక్కా అని నవ్వావు. మరిది లారీ మీద తెచ్చేది అద్దెకీ తిండికీ బొటాబొటి. మా ఊళ్ళో అయితే నీ జీతంలో అయిదో వంతుతో పోతుందని ఇద్దరం సంబరపడ్డాం.

అది చవక కాదమ్మా. నాతో లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే జతగత్తె మనవడూ ఇక్కడ బుడ్డిని వదిలే ఇంట్లోనే ఉంటాడు. ఆమె కోడలి జీతంలో సగం ఆ ఫీజుకే పోతుంది. అక్కడి జీతంతో ఇక్కడి ఫీజు కట్టాం కాబట్టి మన కంటికి తేలికగా కనిపించింది.

ఆ పిల్లల్ని చూసే ఆవిడని ఊరంతా పిన్ని అంటుంది. రెండు గదులు, పదకొండుమంది పసివాళ్ళు, ఆమె ఒక్కతే. నేను ఆవిరి మధ్య పనిచేసే మనిషిని, బుడ్డిని వెంట తీసుకెళ్ళే వీలు లేదు. అందుకే అక్కడ వదిలాను. సాయంత్రం చంకనెత్తుకునేసరికి నిద్రమత్తులో ఉండేది. పాలు కూడా కళ్ళు మూసుకునే తాగేది. బుద్ధిమంతురాలని మురిసిపోయాను. జతగత్తె అయితే, పెళ్ళి చేసుకోకుండానే పిల్లని సంపాదించావు, అదీ ఏడవని పిల్లని, నీ ప్రార్థనలు బాగా పనిచేస్తాయే అని వేళాకోళం చేసేది.

ఇవాళ పొద్దున లాండ్రీలో బాయిలరు చెడింది. ఇంటికి పొమ్మన్నారు. బుడ్డిని కాస్త ఎండకి తిప్పుదామని పిన్ని ఇంటికి వెళ్ళాను. గుమ్మం ముందు చెప్పులు విడుస్తుంటే లోపల చిన్న సద్దు కూడా లేదు. పదకొండుమంది పసివాళ్ళున్న ఇల్లు.

ఆ బస్టాండులోనే నువ్వింకో మాట చెప్పావు. ఏడ్చేవాళ్ళ గురించి బెంగ లేదక్కా, సద్దు చేయనివాళ్ళ దగ్గరికే ముందు పరిగెత్తాలి, మాకు మొదట నేర్పేది అదే అన్నావు. అది గుర్తొచ్చి రెండో చెప్పు విడవకుండానే గుమ్మమెక్కాను.

తలుపు తట్టాను. పిన్ని ఓరగా తీసి, ఇప్పుడే పడుకోబెట్టాను, లేపి నా ప్రాణం తియ్యకు అంది. తోసుకుని వెళ్ళాను. చాపల మీద వరసగా పిల్లలు. ఒక్కరూ కదలడం లేదు. బుడ్డి అరచేతిలో వేలు పెట్టాను. నిద్రలో కూడా గట్టిగా పట్టుకుంటుంది కదా. పట్టుకోలేదు. ఎత్తుకుంటే తల వాలిపోయింది.

ఏం పెట్టావని అడిగాను. నిద్రపట్టే జలుబు మందేనట, రోజూ అందరికీ తలా కొంచెం. ఇవాళ బుడ్డి మరీ ఏడుస్తుంటే ఇంకోసారి పోసిందట. ఆమే అంది, ముగ్గురికొక మనిషిని పెట్టాలంటే ఈ ఊళ్ళో ఎవరు కడతారు, నువ్వు కడతావా అని. ఆ మాట అంటూనే పక్క చాప మీది పిల్లాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోంది.

మిగతావాళ్ళని లేపు, తల్లులకి ఫోన్లు చెయ్యి అని మాత్రం అన్నాను. బుడ్డిని కొంగులో చుట్టుకుని ఎదురొచ్చిన బండెక్కాను. బండిలోంచే జతగత్తెకి చెప్పాను. ఆమె నలుగురిని వెంటబెట్టుకుని పరిగెత్తింది. మిగతా పిల్లలు లేచారని ఇందాక కబురు చేసింది. దేవుడి దయ.

దారి పొడుగునా ప్రార్థన చేద్దామనుకున్నాను. ఇన్నేళ్ళుగా నోటికొచ్చిన మాటలు ఒక్కటీ రాలేదు. ఊపిరి, ఊపిరి అని మాత్రం అనుకున్నాను. ఆయనకి అర్థమయ్యే ఉంటుంది.

నేను లాండ్రీ మానేస్తాను. మీ గదికొచ్చి తలుపు పక్కన పడుకుంటాను, బుడ్డిని నేనే చూస్తాను. ఒక జీతం తగ్గుతుంది, తగ్గనీ. మరిదికి ఇబ్బందేమోనని నువ్వు నోరు తెరవకముందే చెబుతున్నాను, నేను గురక పెట్టను.

ఇట్లు,
నీ పెద్దక్క

తా.క. పైన నేను క్షేమం అని మాత్రమే రాశాను. బుడ్డి క్షేమమని రాయలేదు. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. ఇదంతా ఆసుపత్రిలో దాని మంచానికి ఆనుకుని రాసింది. డాక్టరమ్మ ఇప్పుడే ఏమీ చెప్పలేనంది, ఊపిరి ఆడుతోందో లేదో కనిపెట్టుకుని ఉండమంది. ఒక్కో మాటా రాసి దాని పొట్ట కేసి చూస్తూ వచ్చాను.

కండక్టరు వచ్చి కాగితం అడిగాడు. మడుస్తూ రెండో చేతి వేలు దాని అరచేతిలో పెట్టాను. పట్టుకుంది. తర్వాత మొహం ఎర్రగా చేసుకుని ఏడుపు అందుకుంది. వార్డంతా ఇటే చూస్తోంది. పక్క మంచం ముసలాయన చెవులు మూసుకున్నాడు. డాక్టరమ్మ పరిగెత్తుకొచ్చి చూసి, గండం గడిచింది, ఏడవనివ్వండి అంది.

మడిచిన కాగితం మళ్ళీ విప్పి ఇది రాస్తున్నాను. ఊరుకోబెట్టడం లేదు చెల్లీ. నువ్వొచ్చేదాకా ఏడవనీ.