నాయన పెట్టిన మల్బరీ తోట

పెనుకొండ

చెల్లెలు ఫిర్దోస్‌కు,

మంగళవారం పొద్దున నమాజు చదువుకొని, షెడ్డులో పట్టుగూళ్లు ఏరి సంచులకెత్తినాం. ఒక్క గూడూ మెత్తబడలేదు. అత్తరు వాసనకు పట్టుపురుగులు చస్తాయని నాయన పండగనాడు కూడా పూసుకునేవాడు కాదు కదా, మేమూ అట్లే సాకినాం.

తమ్ముడు మసూద్ గూళ్లను హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోయినాడు. "చైనా పట్టుదారం చవగ్గా వస్తాంటే మీ గూళ్లు నేనేం చేసుకోవాలప్పా?" అన్నాడంట దారం తీసే ఆయన. పోయిన పంటకిచ్చిన రేటులో సగమే ఇచ్చినాడు. మన ఊర్లో ఇప్పటికే నాలుగు తోటలు పీకేసినారు.

ఇంటికొచ్చి మసూద్ అన్నం ముట్టలేదు. "ధర్మవరంలో మన బావ అమ్మేది ఆ దారమే. ఆయన్నే అడుగుతానుండు," అని ఫోను తీసినాడు. నేను లాక్కున్నా. మీ ఆయన జమీర్ అమ్మకపోతే ఇంకొకరు అమ్ముతారు. నేసేవాళ్లకూ చవకదే కావాల. ఎవరిని అనేది? అల్లా రెండిళ్లనూ చల్లగా చూడాల.

సాయంత్రం అందరం కూర్చొని తేల్చుకున్నాం. ఆదివారం తోట పీకేస్తాం. వేరుకుళ్లు పట్టిందని జమీర్‌కు చెబుదామని చివరికి మసూదే అన్నాడు. ఆయన పక్కనుంటాడనే నీకు ఫోను చేయలేదు. నువ్వూ ఆ మాటే చెప్పు.

మీ అక్క