మా ఆవిడ, నాలుగు ట్యూబులు

మార్చి 4
నా ఎడమ చెప్పు కింది అరలో, కుడిది పై అరలో. జంటను విడదీసిన పాపం ఎవరిదో ఈ ఇంట్లో ఒక్కరూ ఒప్పుకోరు.

మా ఆవిడ నా గోల పట్టించుకోలేదు. కుట్టుమిషను అమ్మేస్తానంది. నలభై ఏళ్ల మిషను అది.

మార్చి 4, మధ్యాహ్నం
గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. కింద దురద, మంట, పెరుగు విరిగినట్టు తెల్లగా అవుతోందట. ఏడాదిలో నాలుగోసారి. మిషను స్టూలు మీద కూర్చోలేకపోతోంది. ఒంటి శుభ్రం లేని మనిషి అనుకుంటారని నోరు విప్పలేదు.

నలభై ఏళ్లు నన్ను భరించావు, దురద ఓ లెక్కా అన్నాను. నవ్వలేదు. అప్పుడు భయమేసింది నాకు.

మార్చి 6
లేడీ డాక్టరు. నర్సు నన్ను బయట ఉండమంది. మా ఆవిడ నా చొక్కా వదల్లేదు.

ఇన్నాళ్లూ ఏం వాడావని డాక్టరు అడిగితే సంచీలోంచి నాలుగు ఆయింట్‌మెంటు ట్యూబులు తీసింది. నాలుగూ సగం సగమే. రెండ్రోజుల్లో దురద తగ్గితే ఆపేసి, మిగిలింది మళ్లీ వస్తే పనికొస్తుందని దాచిందట, లేసు ముక్కలు దాచినట్టు. నాకు నవ్వాగలేదు. డాక్టరుకీ ఆగలేదు.

రోజుకి రెండుసార్లు వాసన లిక్విడ్‌తో లోపలిదాకా కడుగుతోందట. డాక్టరు ఆవిడ చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మా, నీకు శుభ్రం తక్కువ కాలేదు. ఎక్కువైంది" అంది.

మా ఆవిడ ఏడ్చేసింది. ఏడాది బరువు దిగింది.

మార్చి 7
షుగరు రెండొందల తొంభై! ఒంట్లో బాగుందని రెండేళ్ల కిందటే మాత్రలు మానేసిందట మహాతల్లి. షుగరు అంతుంటే ఈ దురద తెచ్చే ఫంగసుకి రోజూ పెళ్లిభోజనమే అంది డాక్టరు.

కోర్సు పూర్తిగా వాడాలి. తర్వాత ఆర్నెల్లు వారానికో మాత్ర. వదులైన కాటన్ లోబట్టలు. తడిబట్టల్లో ఉండకూడదు. కడిగితే పైపైన ఉత్త నీళ్లతోనే, లిక్విడ్ వద్దు.

ఏప్రిల్ 19
తగ్గిపోయింది కదా, వారం మాత్ర ఆపేస్తానంది. కడుపు నిండింది కదా, నేనూ రేపట్నుంచి అన్నం మానేస్తానన్నాను. తిట్టుకుంటూ మింగింది.

ఏప్రిల్ 20
బకెట్టు వెనకాల లిక్విడ్ సీసా. దొంగచాటుగా వాడుతోంది. సీసా మళ్లీ అక్కడే పెట్టేశాను.

జూన్ 2
ఈ మధ్య లిక్విడ్‌లో వాసనే లేదని కోడలితో గొణుగుతోంది. అంతా కల్తీ అన్నాన్నేను.

సెప్టెంబరు 12
గెలిచాం! ఆర్నెల్లలో ఒక్కసారీ రాలేదు. షుగరు దారికొచ్చింది. వారం మాత్ర ఇక చాలు, షుగరు మాత్ర మాత్రం మానొద్దంది డాక్టరు.

మిషనుకి నూనె వేయించింది. అరవై స్కూలు చొక్కాలు కుట్టడానికి ఒప్పుకుంది. పొద్దున్నించీ టకటకా టకటకా. నా చెవులు పోయాయి. పోనీ.

సెప్టెంబరు 13
సీసాలో ఉన్నది కాచి చల్లార్చిన నీళ్లు. ఏప్రిల్ నుంచీ కొత్త సీసా వచ్చినప్పుడల్లా లిక్విడ్ పారబోసి నేనే పోశాను. ఇన్నాళ్లుగా మా ఆవిడ తిడుతున్న ఆ కల్తీ కంపెనీవాణ్ణి నేనే.