నాలుగో పాట మీద ఏడు ఫిర్యాదులు

రికార్డుల కంపెనీ, ఫిర్యాదుల విభాగాధికారి గారికి,

అయ్యా,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం నాకు అలవాటే గానీ ఈసారి చెయ్యి రావడం లేదు. ఇక్కడ కుశలం లేదు. మీరు విడుదల చేసిన ‘సమ్మెట’ బృందం వారి కొత్త రికార్డు విన్నప్పటి నుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నేను బైండింగ్ షాపులో పనిచేస్తాను. మడత పెట్టడానికి వచ్చిన ఏ కరపత్రాన్నీ చదవకుండా మడవను. అందుకు మా యజమాని చేత రోజూ చీవాట్లు తింటాను. కాబట్టి లోకం తెలియనివాడు ఏదో కూస్తున్నాడని అనుకోకండి. పద్నాలుగో ఏట వాళ్ల మొదటి రికార్డు ‘దెబ్బ’ విన్నాను. తర్వాత ‘ఎదురుదెబ్బ’, ఆపైన ‘గట్టిదెబ్బ’. తొమ్మిదేళ్లుగా నేను చదువుకున్న బడి అదే. ఇప్పుడు నాలుగో రికార్డు పేరేమిటి? ‘వాన వెలిశాక’! అట్ట మీద ఆ పేరు చూడగానే గుండె గుభేలుమంది.

అనుకున్నంతా అయింది. నాలుగో పాటలో చినుకులు మొదలవుతాయి. ఒకాయన పరుగెత్తి దండెం మీద బట్టలు తీసుకొస్తాడు. మంచం మీద కూర్చుని మడత పెడతాడు. అయిదు నిమిషాల పాటు మడత పెడతాడు! గోడలు కూల్చమని గర్జించిన గొంతు ఇప్పుడు చొక్కాలు మడవమంటుందా?

సంజాయిషీ కావాలి.

ఆగ్రహంతో,
కార్యదర్శి,
‘సమ్మెట’ అభిమానుల సమితి (సభ్యులు ఏడుగురు, నాతో కలిపి)

తా.క.: ఆ పాటలో రెండో చరణానికి ముందు వాయించింది వేణువా, క్లారినెట్టా? ఊరికే అడుగుతున్నాను.

*

కార్యదర్శి గారికి,

నమస్కారం. మీ ఉత్తరం అందింది. మా విభాగానికి సంజాయిషీ ఇచ్చే అధికారం లేదు. ఫారం ఇచ్చే అధికారం ఉంది. జత చేశాను.

లోపం ఏ పాటలో, ఎన్నో నిమిషంలో ఉందో రాయండి. గీత పడిందా, వంగిపోయిందా, అంచు విరిగిందా అని మూడు గడులున్నాయి. మీ బాధ వాటిలో ఇమడకపోతే ‘ఇతరములు’ దగ్గర టిక్కు పెట్టండి. రికార్డును ఫారంతో పాటు తిప్పి పంపాలి.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క.: అధికారి అంటూ ఇక్కడ ఎవరూ లేరు. నేనూ, ఒక బల్లా ఉన్నాం. నేను అయ్యను కూడా కాను, ముగ్గురు పిల్లల తల్లిని. అది వేణువే. మా తోడికోడలు కూడా సరిగ్గా అక్కడే ఆగి అదే అడిగింది.

*

అమ్మా,

మీ ఫారం చూసి మొదట ఒళ్లు మండింది. తర్వాత ఆలోచించాను. పోరాటానికి దొరికిన ఏ ఆయుధాన్నీ కాదనకూడదు. లోపం మీ రికార్డులో లేదు, వాళ్ల మనస్సాక్షిలో ఉంది. దానికి మీరు గడి పెట్టలేదు గనక ‘ఇతరములు’ దగ్గర టిక్కు పెట్టాను.

ఒంటరిగా పంపడం నాకు ఇష్టం లేదు. ఆదివారం మా సభ్యుడు టైలరన్న కొట్లో సమితిని సమావేశపరిచాను. కుట్టుమిషన్ మీద రికార్డు పెట్టి, దాన్ని చూపిస్తూ నలభై నిమిషాలు ప్రసంగించాను. మధ్యలో టైలరన్న, “పోనీలే తమ్ముడూ, ఎప్పుడూ ఒకటే రకం పాడాలంటే వాళ్లకు మాత్రం గొంతు నొప్పెయ్యదూ?” అన్నాడు. రాజీధోరణి అక్కడే మొదలవుతుందని చెప్పి కూర్చోబెట్టాను.

తర్వాత చేతులెత్తమన్నాను. ముందు నా చెయ్యి లేచింది. నేను ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తూ ఉంటే మిగతా ఆరు చేతులూ లేచాయి. ఏకగ్రీవం!

ఏడు ఫారాలు, ఏడు రికార్డులు పంపుతున్నాను. అన్నిటిలోనూ లోపం ఒక్కచోటే: నాలుగో పాట, మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా.

పట్టుదలతో,
కార్యదర్శి

తా.క.: కరెంటు లైన్‌మన్ తన రికార్డును నా చేతికిచ్చే ముందు కవరును మూడుసార్లు తుడిచాడు. ఇచ్చాక కూడా కాసేపు వదల్లేదు. క్రమశిక్షణ అంటే అదీ!

మరో తా.క.: ఆ పాట నాకు ఇప్పటికే కంఠతా వచ్చేసింది. శత్రువును క్షుణ్ణంగా ఎరగాలని ఏదో కరపత్రంలో చదివాను.

*

కార్యదర్శి గారికి,

నమస్కారం. శుభవార్త.

ఒకే పాట మీద ఏడు ఫిర్యాదులు వస్తే తర్వాతి విడతలో ఆ పాట తీసెయ్యాలని మాకొక నియమం ఉంది. నా ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఏడు రావడం ఇదే మొదలు. ఆ నియమం ఏ బీరువాలో ఉందో వెతకడానికే మా మేనేజరుకు పూట పట్టింది. రెండో విడత వచ్చే శనివారం మొదలవుతుంది. అందులో మూడో పాట అవగానే అయిదో పాట వస్తుంది. మధ్యలో ఏమీ ఉండదు.

మీ ఏడు రికార్డులనూ కరిగించడానికి పక్కన పెట్టాం. వాటి బదులు కొత్తవి పంపుతాం. మిగతా ఆరుగురికీ ఇదే సంగతి విడివిడిగా కార్డులు రాశాను.

బృందం వారికీ కబురు పంపాం. పాడే ఆయన విని కాసేపు ఊరుకున్నారట. తర్వాత, “తొమ్మిదేళ్ల నుంచి వింటున్నవాళ్లు చెబితే సరే. మనకంటే వాళ్లకే బాగా తెలుస్తుంది” అన్నారట.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క.: మా తోడికోడలు నాతో మాట్లాడటం మానేసింది.

*

అమ్మా,

ఆపండి! మీకు దణ్ణం పెడతాను, ఆ శనివారాన్ని ఆపండి!

నేను సంజాయిషీ అడిగాను గానీ శిరచ్ఛేదం అడగలేదు. పాటను తీసెయ్యడం సిద్ధాంతరీత్యా ఎందుకు తప్పో జత చేసిన నాలుగు పేజీల్లో వివరంగా రాశాను. క్లుప్తంగా చెప్పాలంటే, ఒక బృందం దారి తప్పిందని రేపటి తరానికి చూపించాలంటే ఆ తప్పు చెక్కుచెదరకుండా ఉండాలి కదా! చారిత్రక సాక్ష్యాన్ని కరిగించేస్తే ఎలా?

నిన్న ఓ లెక్కల పుస్తకానికి అట్ట తలకిందులుగా అంటించాను. మా యజమాని, “ఏరా, ప్రేమా? జ్వరమా?” అని అడిగాడు. ఏమని చెప్పను? ఆయన, అదే పాడే ఆయన, కాసేపు ఊరుకున్నారని రాశారే, ఎంతసేపు ఊరుకున్నారు? ఆ మాట దగ్గరే నా ప్రాణం కొట్టుకుంటోంది. మాకు బాగా తెలుసని ఆయన అనుకున్నారు. మాకేం తెలుసమ్మా? నేను చెయ్యి ఎత్తాను, అంతే.

మీరు పెద్దవారు గనక ఒక సంగతి చెబుతున్నాను. మొన్న చినుకులు పడితే దండెం మీద బట్టలు నేనే తీశాను. ఇరవై మూడేళ్లలో మొదటిసారి. కూర్చుని మడత పెడుతుంటే మా అమ్మ గాభరాపడి నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

దయచేసి ఇదంతా మా సమితి వాళ్ల చెవిన పడనివ్వకండి. నలభై నిమిషాలు ప్రసంగించినవాణ్ణి. ఆ ఆరుగురూ ఇప్పుడు నా మీద నమ్మకంతో నిప్పుకణికల్లా ఉంటారు. ఏ మొహం పెట్టుకుని వాళ్ల ముందు నిలబడను?

ఆందోళనతో,
(హోదా రాయడానికి సిగ్గుగా ఉంది)

తా.క.: నా రికార్డు కవరు వెనక కుడి మూలన చిన్న జిగురు మరక ఉంటుంది. ఒకవేళ కరిగించక తప్పకపోతే దాన్ని అన్నిటికన్నా చివర కరిగించండి.

*

బాబూ,

ఆశీస్సులు. కాస్త మంచినీళ్లు తాగి ఇది చదువు.

ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చు. కానీ ఏడూ ఒకసారి నమోదయ్యాయి గనక ఏడుగురూ విడివిడిగా తీసుకోవాలి. ఒక్కటి తగ్గినా మిగతావి చెల్లవు. ఇంకో ఫారం జత చేశాను.

నీ ఉత్తరం కంటే ముందే నాకు ఆరు ఉత్తరాలు వచ్చాయి. నా కార్డు అందిన రోజే రాసినట్టున్నారు. ఆరుగురికీ ఆ పాట కావాలి. వాళ్లకూ ఈ ఫారమే పంపి, నింపించి తెప్పించాను. ఆరుగురూ చివర్లో ఒకే మాట రాశారు: “మా కార్యదర్శికి మాత్రం తెలియనివ్వకండి. మనిషి నిప్పు. తట్టుకోలేడు.” చెప్పకూడదనే అనుకున్నాను. కానీ నీ ఏడోది రాకపోతే వాళ్ల ఆరూ చెత్తబుట్టలోకి పోతాయి. అందుకని మాట తప్పాను. ఎవరు ఏం రాశారో మాత్రం అడగకు, చెప్పను.

నీ నాలుగు పేజీలు మా మేనేజరుకు చూపించాను. చారిత్రక సాక్ష్యం దాకా చదివి కళ్లజోడు తీసేశారు. ఫారంలో ‘కారణం’ అన్నచోట ఒక్క లైనే ఉంటుంది. అందులో పట్టేది రాయి. శుక్రవారం లోపల నా బల్ల మీద ఉండాలి.

ఇట్లు,
ఫిర్యాదుల విభాగం

తా.క.: ఒకాయన కారణం రాయాల్సిన చోట పాట మొత్తం రాసి పంపారు. అంచుల్లో, వెనకవైపు కూడా రాశారు. మా మేనేజరు చెల్లదన్నారు. నేనే పోట్లాడి చెల్లేలా చేశాను.

*

అమ్మా,

నమస్కారాలు. ఫారం జత చేశాను. ‘కారణం’ అన్నచోట ఒక్క మాటే రాశాను: “బాగుంది.”

మిగతా రికార్డు మీద నా అభిప్రాయం మారలేదు. ఆరో పాట ఉప్పు లేని చారు. ‘గట్టిదెబ్బ’ రోజులు ఇక రావేమోనన్న దిగులు అలాగే ఉంది. పాడే ఆయనకు వీలైతే ఇది కూడా చెప్పండి. కానీ ముందు మొదటి మాట చెప్పండి.

సవినయంగా,
కార్యదర్శి

తా.క.: ఆరో పాట మీద ఫారం మాత్రం పంపకండి. మీ ఫారాలంటే భయం పట్టుకుంది.

మరో తా.క.: ఈ ఫారం ఇంట్లో దాక్కుని నింపలేదు. టైలరన్న కొట్లో సమితి ముందే నింపాను. వాళ్లు మీకు రాసిన సంగతి నాకు తెలుసని చెప్పలేదు. “నేను పొరబడ్డాను, ఈ పాట నాకు నచ్చింది” అని పైకి అన్నాను. తలెత్తితే ఆరుగురూ నేల చూపులు చూస్తున్నారు. చివరికి టైలరన్న పెద్ద నిట్టూర్పు విడిచి, “మాకైతే బొత్తిగా నచ్చలేదు తమ్ముడూ. కానీ కార్యదర్శివి, నీ మాట తీసెయ్యలేం కదా. నీ కోసం మేమూ వెనక్కి తీసుకుంటాంలే” అన్నాడు. మిగతా అయిదుగురూ బరువుగా తలలూపారు. లైన్‌మన్ అయితే కళ్లు కూడా తుడుచుకున్నాడు. నేను లేచి నిలబడి, వాళ్ల త్యాగాన్ని సమితి ఏనాటికీ మరచిపోదని అన్నాను.