మధ్యాహ్నపు పాలు

మయూర్ విహార్,
మంగళవారం

ప్రియమైన సరళకు,

ముందుగా నా తెలుగును మన్నించు. రాత్రి కళాశాలలో హిందీ మాధ్యమంలో పట్టా పొందినవాడిని. వాక్యం తడబడితే అది నా లోపమే తప్ప, చెప్పే విషయం అబద్ధం కాదు. ఫోనులో చెప్పలేదు. నీ పక్కనే మీ అమ్మగారుంటారు. వింటే వెంటనే ఉపవాస ప్రార్థన పెట్టిస్తారు.

మన ఎల్సా ప్రసూతి సెలవు ముగిసి నర్సు డ్యూటీకి వెళ్తున్నది. నాది రాత్రి డ్యూటీ కనుక పగలు మనవరాలు స్తుతిని నేనే చూస్తున్నాను. స్తుతి సీసాపాలకు అలవాటు పడకపోతే ఉద్యోగం మానేస్తానని మన అమ్మాయి తేల్చి చెప్పింది. పాపేమో ముట్టదు. తల్లి పిండి ఉంచిన పాలే వెచ్చబెట్టి ఇచ్చినా ముఖం తిప్పుకొని గుక్కపట్టి ఏడుస్తుంది.

అయితే ప్రతి మధ్యాహ్నం, ఉయ్యాలలో వేసి నేను వంటగదిలోకి వెళ్ళగానే ఏడుపు ఆగిపోతుంది. తిరిగి వచ్చి చూస్తే పెదవుల కొసన పాల నురుగు. వీధి తలుపు గడియ వేసినది వేసినట్లే, సీసా నిండినది నిండినట్లే ఉంటాయి. కడుపు నిండిన బిడ్డ నిద్ర ఎలా ఉంటుందో నాకు తెలియదా?

నిన్న ఎల్సా ఖాళీ సీసాతో ఇంటికి వచ్చింది.

"మధ్యాహ్నం డ్యూటీలో పాలు తీసే మిషన్ పెట్టుకుంటే చుక్క రావట్లేదు డాడీ. ముందే ఎవరో తాగేసినట్టుంది."

"అలసట," అన్నాను, విజ్ఞానశాస్త్రం చదివినవాడిగా.

"అలసటకి పళ్ళుంటాయా డాడీ? గాట్లు పడ్డాయి," అని నవ్వింది.

స్తుతికి పళ్ళు మొన్ననే వచ్చాయి. యమునకు ఈవల మేము, ఆవల ఆసుపత్రి. నేను దయ్యాలను నమ్మను. నమ్మకుండానే ఈవేళ వంటగదిలో చాలాసేపు నిలబడిపోయాను.

నీ
సాలొమోను, బి.ఎస్సీ.

శుక్రవారం

ప్రియమైన సరళకు,

గెలిచాననుకున్నాను. నిన్న పాపను క్షణమైనా వదలక, తల్లి వాసన తగిలేలా ఎల్సా శాలువా కప్పుకొని, ఒళ్ళో పెట్టుకొని సీసా పట్టాను. చివరి చుక్క వరకు తాగింది. సాయంత్రం ఆ వార్త చెప్పాలని గుమ్మంలోనే నిలబడ్డాను.

ఎల్సా నిండు సీసాను బల్లమీద పెట్టి ఏడ్చింది.

"ఇవాళ పాప రాలేదు డాడీ. రోజూ ఆసుపత్రిలో పాలు తీసుకునే గదిలో తలుపేసుకుని కళ్ళు మూసుకుంటే ఒళ్ళో బరువు తెలిసేది. అది వస్తుందనే కదా డ్యూటీ చేయగలుగుతున్నా! రేపూ రాకపోతే బస్, ఇక చాలు, రిజైన్ చేసేస్తా."

"సీసా తాగింది కదమ్మా!"

"ఠీక్ హై, మీరు తాగించారు. మరి నాకేం మిగిలింది?"

నిండు సీసాను తీసి ఫ్రిజ్‌లో పెట్టాను.

ఈవేళ సీసా వెచ్చబెట్టలేదు. పాపను ఉయ్యాలలో వేసి, వంటగది తలుపు దగ్గరగా లాగుకొని ఇది రాస్తున్నాను. ఏడుపు ఇప్పుడే ఆగింది. ఉయ్యాల ఊగుతున్నది. లోపల బరువు లేని ఉయ్యాల చేసే చప్పుడది. తొంగి చూడను.

దీన్ని మీ అమ్మగారికి చూపకు. గ్రేటర్ నోయిడాలో ఉన్న అల్లుడు ఆస్టిన్‌కు పంపు. ఎల్సా చేత ఉద్యోగం మాన్పించే మాట ఎత్తవద్దని చెప్పు. ఆ తర్వాత, పెద్దయ్యాక, చదవవలసినది స్తుతి. అప్పటికి తెలుగు చదవడం రాకపోతే నీవే వినిపించు. ఏ దారిన వెళ్ళి వచ్చేదో తననే అడుగుదాం.

నీ
సాలొమోను