తలుపు కింద కీచురాయి

వడోద్, సూరత్
ఏప్రిల్ 2021

మహారాజశ్రీ పడకగదిలో బందీగా వేంచేసియున్న శ్రీవారికి, హాల్లోంచి రాధ నమస్కరించి వ్రాయునది.

కరోనా తగ్గేదాకా మీరు గొంతెత్తకూడదని డాక్టరుగారి ఆజ్ఞ. మాట్లాడితే దగ్గు తెర వస్తోంది కదా. మీ ఫోనుకి శానిటైజరు చాలదని సబ్బునీళ్లలో కడిగాను, అది పోయింది. పోతే పోయింది, క్రిములూ పోయాయి. ఇకమీదట ఏం కావాలన్నా తలుపు కింది సందులోంచి చీటీ తొయ్యండి. బయట గడియ పెట్టానని అలగొద్దు. పళ్లెం పెట్టేటప్పుడు తప్ప తియ్యను. మొన్న ఊరగాయ జాడీ కోసం వంటింట్లోకి ఎవరు దొంగలా వచ్చారో మీకే తెలుసు.

అసలు సంగతి. మీ గదిలో ఆ కీచురాయిని చంపండి, చెవులు చిల్లులు పడుతున్నాయి. కింది వాటా సారక్క కూడా, "సాంచాలు బందైనయ్, మగ్గాల సప్పుడు లేక జర నిమ్మళమైందనుకుంటే గిదేం లొల్లి రాధమ్మా? చీపురు తీస్కొని ఒక్కటియ్యమను మీ సారును" అంటోంది.

ఇట్లు,
మీ కాపలాదారు రాధ

తా.క.: చీపురు సందులో పట్టలేదు. చెప్పు వాడండి.

*

చి.ల.సౌ. రాధకు గురుమూర్తి ఆశీస్సులు. నేను క్షేమం కాదు, నువ్వు క్షేమమని తలుస్తాను.

"అది" కాదు, "వాడు". కూసేది మగ కీచురాయే. ఆ మాటకొస్తే కూయడమూ కాదు, వాడికి గొంతే లేదు. ఒక ముందురెక్క అడుగున ఆకురాయికున్నట్టు పళ్లుంటాయి, రెండో రెక్క అంచుతో వాటిని గీస్తాడు. చెవులేమో ముంగాళ్లకి, మోకాళ్ల కింద! ఆడదానికి తోక దగ్గర గుడ్లు పెట్టే సూది ఉంటుంది, వీడికి లేదు. సంధిపాదుల్లో కీటకం, మిడతకి దాయాది, గ్రిల్లిడే కుటుంబం, మన ఉష్ణదేశాలవాడు. సరిగ్గా ఏ జాతో తేలాలంటే ఆ రెక్క పళ్లు లెక్కపెట్టాలి. ఇన్నేళ్లుగా బళ్లో జువాలజీ చెబుతున్నవాణ్ని, చెప్పుతో కొట్టమంటావా?

ఇంకో వింత విను. వాడి వెనక రెండు తోకలున్నాయి, వాటినిండా నూగు. గాలి కాస్త కదిలినా పసిగడతాడు. నేను ఒత్తిగిల్లితే ఠక్కున ఆపేస్తాడు. కదలకుండా పడుకుంటే మళ్లీ కచేరీ మొదలు.

నీ గురుమూర్తి

తా.క.: జ్వరం తగ్గలేదు. కానీ ఇందాక వాడు మీసాలు దువ్వుకుంటుంటే చూశాను, ప్రాణం లేచొచ్చింది.

*

శ్రీవారికి, నిద్రలేని రాధ వ్రాయునది.

ఎందుకు చెప్పారండీ ఆ పాఠం నాకు? వాడు కూస్తున్నాడంటే మీరు కదలట్లేదన్నమాట! ఇన్నాళ్లూ చెవులే నొప్పి, ఇప్పుడు గుండె కూడా. వాడు అందుకోగానే అప్పడాల కర్రతో తలుపు బాదాను. మీరు దగ్గారు, వాడు ఆపాడు, నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. మళ్లీ అందుకున్నాడు, మళ్లీ బాదాను. తెల్లవార్లూ ఇదే పని.

ఆసుపత్రుల్లో మంచాలు లేవంటున్నారు. వీధిలో అంబులెన్సు వినబడితే చాలు, కిటికీ దగ్గరికి పరుగెడుతున్నాను. మీకేమన్నా అయితే ఈ ఊళ్లో నాకెవరున్నారు? మీకు పుణ్యముంటుంది, నిద్రలో కూడా ఒక కాలు ఆడిస్తూ ఉండండి.

మీ రాధ

తా.క.: కాళ్లు మార్చుకోవచ్చు.

*

తలుపులు బాదే నా భార్యామణికి,

డాక్టరు నన్ను నిద్రపొమ్మన్నాడు. నిద్రపోతే నువ్వు పోయాననుకుంటున్నావు. ఇలాగైతే కరోనాతో కాదు, ఉలికిపాటుతోనే పోతాను. ఇవాళ జ్వరం విడిచింది, ఊపిరి హాయిగా ఆడుతోంది. ఇక భయం లేదు. నిన్నటి చారులో మాత్రం ఉప్పు కుప్పపోశావు. రోగిష్టివాడికి నోరు తెలియదనుకున్నావా?

వాడు గదిలో కనిపించట్లేదు, కూత హాల్లోంచి వస్తోంది. నువ్వే కీరదోస ముక్క ఎరవేసి లాక్కుపోయావు కదూ? మర్యాదగా తిరిగి పంపు.

నీ గురుమూర్తి

తా.క.: నువ్వు నడిచినప్పుడల్లా వాడు ఆపుతున్నాడు. ఎంత తిరుగుతావే రోజంతా! కాస్త కూర్చో.

*

శ్రీవారికి,

అవును, నేనే లాగాను. నా కళ్లముందుంటే వాడెంత కూసినా మీ గురించి హడలి చావక్కర్లేదు. ఉప్పు నోట్లో వేసుకుని మరీ చూశానండీ, ఏమీ తెలియలేదు. మీ బెంగతో నాలుక మొద్దుబారినట్టుంది. పోపు మాడినా వాసన రాలేదు. ఇవాళ బ్రెడ్డుతో సరిపెట్టుకోండి. ఒళ్లంతా లాగేస్తోంది, అంతా అప్పడాల కర్ర పుణ్యం. మీ మాట విని తలుపుకి చేరగిలబడి కూర్చున్నాను, ఇక లేవబుద్ధి కావట్లేదు.

మీకు తగ్గింది. నాకదే చాలు.

రాధ

తా.క.: ఇక తలుపు కొట్టను. హాయిగా పడుకోండి.

*

కింది వాటా సారక్కకు, పై వాటా గురుమూర్తి సారు వ్రాయునది.

అరవబోతే దగ్గే వస్తోందమ్మా. అందుకని ఈ కాగితం స్టీలు గ్లాసుకి చుట్టి కిటికీలోంచి మీ బాల్కనీలోకి విసురుతున్నాను. నీకు తెలుగు చదవడం వచ్చని రాధ చెప్పింది.

పొద్దున్నుంచీ కీచురాయి ఒక్క క్షణం కూడా ఆపలేదు. రాధకి రెండు చీటీలు తోశాను, రెండూ సందులోనే ఇరుక్కుని ఉన్నాయి. తలుపు బాదాను, పలకలేదు. నేలమీద పడుకుని సందులోంచి చూశాను. తలుపుకి ఆనుకునే పడిపోయి ఉంది. ఆమె చీర అంచు మీద కూర్చుని వాడు కూస్తున్నాడు.

రుచి తెలియలేదంది, వాసన తెలియలేదంది, ఒళ్లు లాగేస్తోందంది. నేను ఆమె చారుకి వంక పెట్టాను.

వాడి తోకలకి నడిచే మనిషి తెలుస్తుంది. సన్నగా ఆడే ఊపిరి కూడా తెలిసి కూత ఆపుతాడా? నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. తెలియదనే అనుకుంటున్నాను. తెలియకూడదు. మీ ఆయన్ని వెంటబెట్టుకుని పరుగెత్తుకు రా తల్లీ, వీధి తలుపు పగలగొట్టండి.

గురుమూర్తి

తా.క.: మాస్కులు పెట్టుకోండి. నా గడియ తర్వాత తీసినా సరే, ముందు రాధని చూడండి.